పసుపు గీతను సోడియం అని ఎందుకనుకున్నారు?

ప్రశ్న: 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో గుంటూరులో హీలియంను కనుగొన్నారని చదువుకున్నాం. అయితే అప్పుడు కనిపించిన పసుపు గీతను పరిశీలకులు సోడియంగా భావించారని ఈమధ్య ఒక వ్యాసంలో చూశాను. కళ్లెదుట ఉన్నదాన్ని నిపుణులే పోల్చుకోలేకపోవడం ఎలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఏడాది ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ఇతర చోట్ల మరికొందరు వర్ణపటదర్శినుల్లో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరాల్లో) చూసినవి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల నుంచి వచ్చిన కాంతి గీతలు మాత్రమే. గీత ఏ మూలకానిదో గీత చెప్పదు. చూసేవారికి ముందే తెలిసి ఉండాలి. ఒక్కో మూలకం తనవైన గీతలనే వెలువరిస్తుందని జర్మన్ శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ నిరూపించి అప్పటికి పదేళ్లయినా కాలేదు. పసుపురంగులో ప్రకాశవంతమైన గీత అంటే సోడియమే అన్నది ఆ కొత్త విద్యలో మొదటి పాఠం. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు వేస్తే ఎగసే పసుపు వెలుగు దానిదే. పైగా సూర్యుడిలో సోడియం ఉందని అప్పటికే తేలిపోయింది. గ్రహణం పూర్తిగా పట్టి ఉండే ఆ కొద్ది నిమిషాల్లో అంతకన్నా సహజమైన నిర్ణయం మరొకటి ఉండదు. దీన్ని అజాగ్రత్త అనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

తేడా చాలా స్వల్పం. సోడియం గీతలు రెండు, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల వద్ద జంటగా ఉంటాయి. కొత్త గీత ఒంటరిది, 587.6 వద్ద ఉంటుంది. గ్రహణం లేకపోయినా జ్వాలలను పరిశీలించవచ్చని జాన్సెన్ మర్నాడే గుంటూరులో చూపించారు. అక్టోబర్ 20న ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ కూడా స్వతంత్రంగా అదే సాధించడంతో తీరికగా కొలిచే వీలు కలిగింది. అప్పుడు గాని ఆ గీత సోడియంది కాదని స్పష్టం కాలేదు. ఆ తర్వాత కూడా అది హైడ్రోజన్‌దేనేమోనని పరిశీలించి, కుదరకపోవడంతోనే లాకియర్ కొత్త మూలకం వైపు మొగ్గారు. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు దీన్ని నమ్మలేదు. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో ఆ గీతనే చూశాక సందేహాలు తీరాయి. అందువల్ల గుంటూరుకు దక్కవలసిన ఘనత జ్వాలల పరిశీలనదే గాని, హీలియం ఆవిష్కరణది కాదు.

ఇక్కడితో ఆగితే, పాత జ్ఞానాన్ని పక్కనపెట్టినవారే గెలుస్తారని పాఠకులు పొరబడే ప్రమాదం ఉంది. 1869 గ్రహణంలో సూర్యుడి కరోనాలో (బయటి వాతావరణ పొరలో) 530.3 నానోమీటర్ల వద్ద ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు కాబట్టి, సరిగ్గా హీలియం విషయంలో చేసిన తర్కంతోనే, దానికీ ఒక కొత్త మూలకాన్ని ఊహించి 'కరోనియం' అన్నారు. దాదాపు 70 ఏళ్ల తర్వాత గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తల కృషితో అది 13 ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుముదని తేలింది. పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోవాలంటే పది లక్షల డిగ్రీలకు మించిన వేడి కావాలి. సుమారు 5,500 డిగ్రీల ఉపరితలం పైనున్న పొర అంత వేడిగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు కాబట్టే ఇనుము ఎవరికీ తట్టలేదు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి కరోనాను చూపే పరికరం) పరిశీలించే గీతల్లో ఆ ఆకుపచ్చ గీత కూడా ఉంది; ఇప్పుడు దాన్ని కరోనా ఉష్ణోగ్రతను అంచనా కట్టడానికి వాడుకుంటున్నారు.