క్రీమ్ పోసే ముందు

లఫాయెట్, లూసియానా

చిన్నా,

నిన్న రాత్రి నువ్వు పంపిన రొయ్యల క్రీమ్ సాస్ ఫోటో చూశాను. సాస్ గింజలు గింజలుగా విరిగింది, పైన ఎర్ర నూనె తేలింది, రొయ్యలు చుట్టలు చుట్టుకుపోయాయి. "రెసిపీలో ఉన్నట్టే చేశాను అత్తా" అన్నావు. నమ్ముతాను. కానీ నువ్వు దాన్ని మీ అమ్మ రొయ్యల ఇగురు వండినట్టు వండావు. ఇగురులో రొయ్యలు ముందే పడతాయి, నీరంతా ఇగిరి మసాలా పట్టేదాకా పొయ్యి మీదే ఉంటాయి. మా లూసియానా కేజన్ క్రీమ్ సాస్‌కి ఆ పద్ధతి పనికిరాదు. ఇందులో కారం వెన్నలో వేగాలి, క్రీమ్ ఆ తరవాత పడాలి, రొయ్యలు రెండు నిమిషాలు కనిపించి పక్కకి వెళ్లి, మళ్లీ ఆఖర్న రావాలి. ఈ వరస పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ఈ ఊరొచ్చి 27 ఏళ్లయింది. కొత్తలో మా పక్కింట్లో ఒక కేజన్ పెద్దావిడ ఉండేది. వాళ్ల పూర్వీకులు ఇప్పటి కెనడాలోని అకాడియా నుంచి వచ్చినవాళ్లు. 1755లో బ్రిటిష్‌వాళ్లు అక్కడి ఫ్రెంచివాళ్లను ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి తరిమేస్తే, వాళ్లలో చాలామంది చివరికి ఈ బురద నేలకి చేరారు. అకాడియన్ అన్న మాటే నోళ్లలో నలిగి కేజన్ అయింది. ఆవిడ వంటగదిలో స్టూలు మీద కూర్చుని చూసి నేర్చుకున్నాను. ఉల్లిపాయ, క్యాప్సికమ్, సెలరీ, ఈ మూడింటినీ ఇక్కడివాళ్లు హోలీ ట్రినిటీ అంటారు. మనకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు ఎలాగో వాళ్లకి ఇవి అలాగ. సెలరీ వాసన నచ్చదని మానేయకు. అది లేకపోతే ఆ రుచి రాదు.

నిజానికి వాళ్ల పాత వంటల్లో క్రీమ్ వాడకం తక్కువే. రొయ్యలాంటి మంచినీటి క్రాఫిష్‌తో చేసే ఎటుఫే అనే కూరలో వెన్న, ట్రినిటీ, కొంచెం పిండి, అంతే. క్రీమ్ వేసిన పాస్తాలు తరవాత రెస్టారెంట్ల వల్ల ఎక్కువయ్యాయి. కేజన్ వంట దేశమంతా పాకడానికి పెద్ద కారణం పాల్ ప్రుడోమ్ అనే షెఫ్. ఇక్కడికి దగ్గర్లోని ఆపెలూసస్‌లో పుట్టినాయన. 1979లో న్యూ ఆర్లీన్స్‌లో కె-పాల్స్ అనే రెస్టారెంట్ తెరిచాడు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన విషయం ఒకటుంది: కారం ఒక్కటే రకం కాకూడదు. నల్ల మిరియాలు, తెల్ల మిరియాలు, కయ్యెన్ కారం, మూడూ వేసేవాడు. ఒకసారి విడివిడిగా నాలిక మీద వేసుకుని చూడు. కయ్యెన్ వెంటనే చురుక్కుమంటుంది, నల్ల మిరియం వాసనతో వస్తుంది, తెల్ల మిరియం మింగాక గొంతులో వెచ్చగా నిలుస్తుంది. క్రీమ్ కారాన్ని అణిచేస్తుంది కాబట్టి ఈ మూడూ ఉంటేనే సాస్ చప్పబడదు.

అందుకే కొన్న మసాలా డబ్బా వద్దంటాను. చాలావాటి మీద పదార్థాల్లో మొదటి పేరు ఉప్పే. కారం చాలలేదని ఇంకో చెంచా వేస్తావు, ఉప్పు కషాయం అవుతుంది. ఇంట్లోనే కలుపుకో. పాప్రికా రెండు చెంచాలు, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి చెరొక చెంచా, కయ్యెన్, నల్ల మిరియాల పొడి, థైమ్, ఒరెగానో తలా అర చెంచా, తెల్ల మిరియాల పొడి పావు చెంచా. ఉప్పు కలపకు, అది విడిగా చూసుకుని వేసుకోవాలి. కయ్యెన్ లేకపోతే మీ అమ్మ పంపిన గుంటూరు కారం వేసుకోవచ్చు, కాస్త తగ్గించి. గరం మసాలా, ధనియాల పొడి మాత్రం ముట్టుకోకు. వేస్తే మన కూరే అవుతుంది.

ఇక రొయ్యలు. సంచి మీద 21/25 అని ఉంటే పౌనుకి అన్ని రొయ్యలు తూగుతాయని అర్థం. నలుగురికి ఒక పౌను, అంటే 450 గ్రాములు చాలు. పదార్థాల దగ్గర రొయ్యలు, ఉప్పు తప్ప ఇంకేం లేనిది తీసుకో. ఫాస్ఫేట్ పేరు కనిపిస్తే ఆ రొయ్య నీరు పట్టి ఉంటుంది. పెనం మీద వేగే బదులు ఆ నీళ్లలో ఉడుకుతుంది. చాలా సంచుల మీద "ఇండియా" అని చూస్తావు. మన భీమవరం వైపు చెరువుల రొయ్యలు ఇక్కడి ఫ్రీజర్‌లో కనిపిస్తే నాకిప్పటికీ సంతోషమే. ఇక్కడి గల్ఫ్ ఆఫ్ మెక్సికో రొయ్యలు పచ్చివి దొరికితే అవే తెచ్చుకో, తొక్కలు మాత్రం పారేయకు. రెండు గ్లాసుల నీళ్లలో పావుగంట ఉడికించి వడకడితే ఆ నీళ్లే సాస్‌కి ప్రాణం. నల్ల నరం తీసి, కడిగి, కాగితంతో తడి లేకుండా అద్దు. తడి రొయ్య ఎర్రబడదు.

ఇనప మూకుడు బాగా వేడెక్కనిచ్చి కొంచెం నూనె వెయ్యి. రొయ్యలకి ఒక చెంచా మసాలా, చిటికెడు ఉప్పు పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పరుచు. ఒక వైపు ఒక నిమిషం, రెండో వైపు ఒక నిమిషం, వెంటనే పళ్లెంలోకి. మధ్యలో ఇంకా కాస్త పచ్చిగా ఉన్నా ఫరవాలేదు. సెగ తగ్గించి అదే మూకుట్లో అరవై గ్రాముల వెన్న వేసి ట్రినిటీ వెయ్యి. ఇక్కడ తొందరపడకు, పది నిమిషాలు పడుతుంది. ఉల్లిపాయ గాజులా మారాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వెయ్యి, మరో రెండు చెంచాల మసాలా వెయ్యి. అర నిమిషంలో వెన్న నారింజ రంగుకి తిరిగి, వాసన ముక్కుపుటాల్ని తాకుతుంది. కారానికి రుచి వచ్చేది ఆ అర నిమిషంలోనే. క్రీమ్‌లో వేసిన కారం పచ్చివాసన కొడుతుంది, ఎంత మరిగించినా పోదు. తరవాత ఒక పెద్ద చెంచా మైదా వేసి రెండు నిమిషాలు వేపి, ఒక కప్పు రొయ్యల నీళ్లు పోసి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకు.

ఆ నీళ్లు సగం అయ్యాక సెగ బాగా తగ్గించు. ఒక కప్పు హెవీ క్రీమ్ పోసుకో, ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసి పెట్టుకున్నది. నువ్వు వాడినది పాలు, క్రీమ్ కలిపి అమ్మే హాఫ్ అండ్ హాఫ్, పైగా టమాటా, నిమ్మరసం పడ్డాయి, మంట పెద్దది. ఈ మూడూ కలిస్తే ఏ సాసైనా విరుగుతుంది. హెవీ క్రీమ్‌లో కొవ్వు 36 శాతం పైనే ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది, హాఫ్ అండ్ హాఫ్‌లో 10.5 నుంచి 18 శాతమే. నేనూ మొదట్లో అదే తెచ్చి రెండుసార్లు విరగ్గొట్టాను. పక్కింటావిడ ఒక్క మాటా అనకుండా నా చేతిలో గరిటె తీసుకుని మూకుడు అడుగున అడ్డంగా ఒక గీత గీసి చూపించింది. సాస్ మెల్లగా వచ్చి ఆ గీతని మూసింది. ఆ నిదానం వచ్చినప్పుడే దించాలి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా పల్చన, అసలు మూసుకోకపోతే చిక్కన ఎక్కువైంది, కాస్త రొయ్యల నీళ్లు కలుపు.

అప్పుడు రొయ్యలు వేసి, పళ్లెంలో ఊరిన రసంతో సహా, రెండు నిమిషాలు. 'సి' అక్షరంలా వంగితే సరిపోయింది. సున్నాలా చుట్టుకుంటే రబ్బరు అయినట్టే. పొయ్యి ఆపేశాకే నిమ్మరసం, ఉల్లికాడలు, పార్స్‌లీ. పాస్తాతో తిను, లేదా అన్నంతో. ఇక్కడివాళ్లు అన్నంతోనే ఎక్కువ తింటారు. వరి కోసిన మడుల్లోనే మళ్లీ నీళ్లు పెట్టి క్రాఫిష్ పెంచుతారు, ఈ ఊళ్లు చూస్తుంటే నాకు మన డెల్టాయే గుర్తొస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో వస్తే క్రాఫిష్‌కి పేరున్న బ్రో బ్రిడ్జ్ ఊరికి తీసుకెళ్తాను. క్రాఫిష్ తోక మాంసం ప్యాకెట్ కొంటే అందులోని పసుపు కొవ్వుని కడిగెయ్యకు. ఆ మాంసం ముందే ఉడికి ఉంటుంది కాబట్టి ఆఖర్న వేడెక్కితే చాలు.

ఇంకొక్క మాట, నీ రూమ్మేట్లలో ఎవరికైనా రొయ్యల ఎలర్జీ ఉందేమో వండేముందే అడుగు. తెలియక ఒక్క ముద్ద తిన్నా ప్రమాదం. ఉంటే ఆ రోజు వాళ్లకి వేరే మూకుట్లో, వేరే గరిటెతో వేరే వంట చెయ్యి. మిగిలిన సాస్ మర్నాడు వేడి చేస్తే సన్న సెగ మీద, చెంచాడు పాలు పోసి. మైక్రోవేవ్‌లో పెడితే మళ్లీ విరుగుతుంది.

ఆదివారం చేస్తానన్నావుగా. రొయ్యలు పళ్లెంలోకి తీశాక, క్రీమ్ పోసే ముందు వీడియో కాల్ చెయ్యి. మూకుడు చూపిస్తే ఎప్పుడు పొయ్యాలో చెప్తాను. సాయంత్రమంతా ఇంట్లోనే ఉంటాను.

మీ అత్త