అప్రూవల్ లెటర్లు వెతికే పని గుమాస్తా పనేనా?

ప్రశ్న: మాది గూడూరు. మా అమ్మాయి ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ చేసి, ఏడాదిగా చెన్నైలో ఒక యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేస్తోంది. పీహెచ్‌డీ విద్యార్థుల శిక్షణ కోసం వాళ్ల యూనివర్సిటీ ఒక పెద్ద గ్రాంటుకు అప్లై చేస్తోంది. పన్నెండు మంది ప్రొఫెసర్ల ప్రాజెక్టులకు ఎథిక్స్ కమిటీ, జంతు ప్రయోగాల కమిటీ లాంటి వాటి అనుమతులు సేకరించి పట్టిక తయారుచేయడం అమ్మాయి పని. అందులో రెండు లెటర్ల గడువు అయిపోయింది. ఒకటి అసలు రాలేదు. ‘ఏదో ఒక తేదీ వేసెయ్, లెటర్ సంగతి తర్వాత చూద్దాం’ అంటున్నారట. పాపకు రాత్రిళ్లు నిద్ర లేదు. ల్యాబులో ఉద్యోగం దొరకక ఇందులో చేరింది. ఈ కాగితాల పని మానేసి వేరేది చూసుకోమని చెప్పాలా? అప్లికేషన్‌కు ఇంకా పది రోజులే ఉంది.

జవాబు: తేదీ వేయొద్దని ఈ రాత్రికే అమ్మాయికి ఫోన్ చేసి చెప్పండి. ఉద్యోగం మానాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఆ తేదీ మాత్రం ఒకసారి అప్లికేషన్‌లోకి ఎక్కి, యూనివర్సిటీ తరఫున సంతకం పడి వెళ్లిపోయిందంటే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

మీరు ‘కాగితాల పని’ అన్నారు. మైక్రోస్కోప్ ముందు కూర్చుంటుందనుకున్న పిల్ల ఎక్సెల్ షీటు ముందు కూర్చుంటే ఏ తండ్రికైనా వెలితిగానే ఉంటుంది. కానీ ఆ కాగితాల వెనక ఎవరుంటారో నేను దగ్గర నుంచి చూశాను. కొన్నేళ్లపాటు చెన్నైలో ఒక సంస్థ ఎథిక్స్ కమిటీలో లే పర్సన్‌గా కూర్చున్నాను. మనుషుల మీద చేసే పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కమిటీలో డాక్టర్లు, శాస్త్రవేత్తలు మాత్రమే ఉంటే చాలదు. చట్టం తెలిసినవారు ఒకరు, సమాజ శాస్త్రం తెలిసినవారు ఒకరు, వైద్య రంగానికి చెందని మామూలు మనిషి ఒకరు ఉండాలి. ఛైర్మన్ బయటి సంస్థ మనిషి కావాలి. ఆ మామూలు మనిషి కుర్చీ నాది.

ఒకసారి షుగర్ రోగుల మీద అధ్యయనం మా ముందుకు వచ్చింది. సైన్సు బాగానే ఉందని పెద్దలందరూ తేల్చారు. నా చేతిలో ఉన్నది కన్సెంట్ ఫామ్, అంటే రోగి ఒప్పుకుని సంతకం పెట్టే కాగితం. ఇంగ్లిష్‌లో ఒకటి, తమిళంలో ఒకటి. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చునేవాళ్లలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ‘తమిళం చదవలేని మనిషి దేని మీద సంతకం పెడుతున్నట్టు?’ అని అడిగాను. తెలుగు ఫామ్ తయారుచేసి తెచ్చాకే మొదలుపెట్టాలన్న షరతుతో కమిటీ ఒప్పుకుంది. కొన్ని నెలల తర్వాత అదే అధ్యయనం ఒక గ్రాంటు అప్లికేషన్‌లో ‘అనుమతి ఉంది’ అని, తేదీతో సహా కనిపించింది. తెలుగు ఫామ్ అప్పటికీ మా దగ్గరికి రాలేదు. పట్టిక రాసినవాళ్లు లెటర్ పైన ఉన్న తేదీ చూశారు, కింద రెండో పేరాలో ఉన్న షరతు చూడలేదు. అదృష్టం బాగుండి అప్లికేషన్ వెళ్లకముందే దొరికింది.

మీ ఊరి స్టేషన్‌లో రైలెక్కి చెన్నై ఆసుపత్రులకు వచ్చేవాళ్లు ఎంతమందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ పట్టికలో ఒక గడి తప్పుగా నిండితే, ఆ తప్పు చివరికి వెళ్లి తగిలేది వాళ్లకే.

ఇక్కడి నుంచి కాసేపు అమ్మాయితో మాట్లాడతాను. ఈ భాగం తనకు పంపండి.

అమ్మా, ట్రైనింగ్ గ్రాంటులో ఒక చిక్కు ఉంది. మామూలు ప్రాజెక్టుకు డబ్బు అడిగేటప్పుడు ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఎంతమంది మీద చేస్తారు అన్నది ముందే తెలుసు. ఇక్కడ అడిగేనాటికి విద్యార్థులే ఎంపిక కాలేదు. ఎవరు ఏ ప్రొఫెసర్ దగ్గర చేరతారో, ఏ పని ఎత్తుకుంటారో తెలియదు. అందుకని నీ చేతిలో ఉన్న అనుమతులన్నీ మెంటర్ల ప్రాజెక్టులవి. మెంటర్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన రేపు వచ్చే విద్యార్థికి ఉన్నట్టు కాదు. విద్యార్థి చేయబోయే పని కమిటీ ఒప్పుకున్న ప్రోటోకాల్‌లో, అంటే పరిశోధన ప్రణాళికలో, ఉండాలి, వాళ్ల పేరు పరిశోధక బృందంలో చేరాలి. లేకపోతే సవరణ పెట్టి మళ్లీ కమిటీ ఒప్పుదల తెచ్చుకోవాలి. చాలా ఆఫీసుల్లో ఈ తేడా పట్టించుకోరు. నువ్వు పట్టించుకో.

అమెరికాలో వైద్య పరిశోధనలకు ప్రభుత్వం తరఫున నిధులిచ్చే ఎన్‌ఐహెచ్ వాళ్లు యూనివర్సిటీలకు ఇచ్చే టీ32 శిక్షణ గ్రాంటులో ఈ చిక్కును ఎలా విప్పారో చూడు. అప్లికేషన్ పెట్టే రోజుకే ప్రతి అనుమతీ చేతిలో ఉండాలని వాళ్లు పట్టుబట్టరు. మనుషుల మీద పరిశోధన ఉంటుందని ఒప్పుకుని, కమిటీ సమీక్ష పెండింగ్ అని చెప్పడానికి ఫారంలోనే చోటుంది. కానీ అనుమతి లేని పనిలో ఏ ట్రైనీ వేలు పెట్టకుండా చూసే పూచీ యూనివర్సిటీదే. దానితోపాటు పరిశోధనలో నిజాయితీ గురించి ట్రైనీలకు కనీసం 8 గంటలు ముఖాముఖిగా నేర్పే ప్రణాళిక కూడా అడుగుతారు. ‘పెండింగ్’ అని రాస్తే మనల్ని తక్కువగా చూస్తారన్న భయం మన ఆఫీసుల్లో ఎక్కువ. గ్రాంటులు ఇచ్చేవాళ్లకు పెండింగ్ అనే మాట కొత్త కాదు.

కాబట్టి ముందు మీ గ్రాంటు గైడ్‌లైన్స్ తీసి ఒక్క వాక్యం వెతుకు. అనుమతులు అప్లికేషన్‌తోనే జతచేయాలా, డబ్బు విడుదలకు ముందు ఇస్తే సరిపోతుందా? చాలాసార్లు రెండోదే ఉంటుంది. ఆ వాక్యం దొరికితే తేదీ వేయమని ఒత్తిడి పెట్టేవాళ్లకు చూపించడానికి నీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది. దొరక్కపోతే గ్రాంటు ఇచ్చే సంస్థకు ఆఫీసు మెయిల్ నుంచి నేరుగా అడిగించు. అడిగినందుకు ఎవరూ అప్లికేషన్ తోసేయరు.

ఇక పట్టిక. లెటర్ చూడకుండా ఒక్క గడి కూడా నింపకు. ప్రొఫెసర్‌గారు ఫోన్లో చెప్పిన నంబరు రాసుకోకు, పీడీఎఫ్ తెప్పించుకో. లెటర్‌లో ఉన్న ప్రాజెక్టు పేరు, అప్లికేషన్‌లో ఉన్న పేరు పక్కపక్కన పెట్టి చదువు. పేర్లు మారిపోవడం మామూలే, ఎందుకంటే మూడేళ్ల క్రితం ఒక పేరుతో అనుమతి తెచ్చుకుని, ఇప్పుడు గ్రాంటు కోసం ఆకర్షణీయంగా ఇంకో పేరు పెడతారు. అలాంటప్పుడు రెండూ ఒకే పనా అని ప్రొఫెసర్‌గారిని రాతపూర్వకంగా అడుగు. ఆ తర్వాత ప్రధాన పరిశోధకుడి పేరు, ప్రోటోకాల్ వెర్షన్ నంబరు, అనుమతి తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి చూడు. కమిటీ రిజిస్ట్రేషన్ కూడా చూడాలి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మందుల ట్రయల్స్ చూసే కమిటీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ దగ్గర, మిగతా వైద్య పరిశోధనలు చూసే కమిటీ ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర రిజిస్టర్ కావాలి. షరతులకు పట్టికలో వేరే గడి పెట్టు. నేను చెప్పిన షుగర్ అధ్యయనంలో తప్పింది అదొక్కటే.

‘మా పని ఉత్త సర్వే, దీనికి అనుమతి అక్కర్లేదు’ అని ఒకరిద్దరు మెంటర్లు అంటారు. అనుమతి అక్కర్లేదని తేల్చాల్సింది కూడా కమిటీయే. మినహాయింపు లెటర్ ఉంటే పట్టికలో మినహాయింపు అని రాయి. లెటర్ లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

జంతువుల సంగతి వేరు. అక్కడ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ నిబంధనలు వర్తిస్తాయి. దాన్ని ఇదివరకు సీపీసీఎస్‌ఈఏ అనేవారు, పాత లెటర్లలో ఆ పేరే కనిపిస్తే కంగారుపడకు. ఈ అనుమతిలో ఏ జంతువులు, ఎన్ని అన్నది కూడా ఉంటుంది. మెంటర్ తన పనికి 60 ఎలుకలకు అనుమతి తెచ్చుకుని వాడేశారనుకో, విద్యార్థి కొత్త ప్రయోగానికి ఆ లెటర్ పనికిరాదు. జన్యుమార్పిడి పనులుంటే సంస్థ బయోసేఫ్టీ కమిటీ లెటర్ కావాలి. పని ప్రమాద స్థాయిని బట్టి కొన్ని కేంద్ర బయోటెక్నాలజీ శాఖలో జన్యుమార్పిడి పనులను సమీక్షించే ఆర్‌సీజీఎం కమిటీ దాకా వెళ్తాయి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగి చేరకముందే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదై ఉండాలి, ఆ నంబరు కూడా రాయి. మొక్కలనో సూక్ష్మజీవులనో విదేశీ భాగస్వామికి పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం అడ్డొస్తుంది. ఆ అనుమతులు చూసే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మీ చెన్నైలోనే తరమణిలో ఉంది.

ఇప్పుడు నీకు నిద్ర పట్టనివ్వని ఆ మూడు లెటర్లు. గడువు దాటిన రెండింటికి ‘గడువు ముగిసింది, పునరుద్ధరణకు ఫలానా తేదీన దరఖాస్తు చేశాం’ అని రాయాలి. అలా రాయాలంటే ముందు దరఖాస్తు చేయాలి కదా, ఆ ప్రొఫెసర్ల చేత ఈ వారంలోనే కంటిన్యూయింగ్ రివ్యూ రిపోర్టు, అంటే అనుమతి కొనసాగించమని కమిటీకి ఇచ్చే నివేదిక, పెట్టించు. గడువు దాటాక కూడా రోగులను చేర్చుకుంటూ ఉండి ఉంటే అది కమిటీకి విడిగా తెలియజేయాల్సిన విషయం. చెప్పాల్సింది ప్రొఫెసర్‌గారు, నువ్వు కాదు. కానీ అడగాల్సింది మాత్రం నువ్వే. రాని లెటర్‌కు ‘పెండింగ్’ అని, దరఖాస్తు నంబరు వేసి రాయి. వెనక తేదీతో అనుమతి తెప్పిస్తాం అని ఎవరైనా అంటే నమ్మకు. జరిగిపోయిన పనికి తర్వాత అనుమతి ఇవ్వడం ఎథిక్స్ కమిటీ చేయకూడని పని.

పైవాళ్లకు ఎదురు చెప్పడం ఎలా అన్నదే నీ అసలు భయం కదా. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంటి అద్దె, ఊళ్లో నాన్న. ఆ భయం చిన్నదని నేను అనను. ఎదురు చెప్పొద్దు, మెయిల్ రాయి. ‘సార్, 4, 9, 11 వరుసల్లో ప్రస్తుత పరిస్థితి ఇలా ఉంది. లెటర్లు జతచేశాను. పట్టికలో ఇలాగే చూపిస్తున్నాను. మార్చాలంటే ఏ లెటర్ ఆధారంగా మార్చాలో చెప్పగలరు’ అని నాలుగు లైన్లు చాలు. నోటితో ‘తేదీ వేసెయ్’ అనేవాళ్లు చాలామంది ఉంటారు, మెయిల్‌లో ఆ మాట రాసేవాళ్లు అరుదు. అప్పటికీ వినకపోతే రీసెర్చ్ డీన్ దగ్గరికి వెళ్లు. అప్లికేషన్ మీద సంతకం పెట్టేది యూనివర్సిటీ అధికారి. తప్పు బయటపడితే ముందు జవాబు చెప్పాల్సింది వాళ్లే కాబట్టి నీ మాట వినే అవకాశం అక్కడే ఎక్కువ.

ఇక అయ్యా, మీరడిగిన దానికి వస్తాను. మానేయమని నేను చెప్పను. అలాగని ఈ కుర్చీలోనే పదేళ్లు కూర్చోమనీ చెప్పను. యూనివర్సిటీల్లో ఇలాంటి పోస్టులు ఎక్కువగా ప్రాజెక్టుతో పుట్టి ప్రాజెక్టుతో పోయేవే, జీతం నెమ్మదిగా పెరుగుతుంది. కానీ అమ్మాయి నేర్చుకుంటున్న పనికి రీసెర్చ్ మేనేజ్‌మెంట్ అని పేరుంది. అమెరికాలో ఈ పని చేసేవాళ్ల సంఘం 1959 నుంచే ఉంది. మన దేశంలో ఇది ఇంకా లేత వయసులో ఉంది. వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ వాళ్లు ఇండియా రీసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనిషియేటివ్ పేరుతో దీన్ని పెంచే ప్రయత్నం చేశారు. ఐఐటీ మద్రాసులోనూ, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనూ గ్రాంటుల పని చూడటానికి ప్రత్యేక ఆఫీసులున్నాయి. మందుల కంపెనీల రెగ్యులేటరీ విభాగాలు, క్లినికల్ రీసెర్చ్ సంస్థలు, పెద్ద ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీ సెక్రటేరియట్‌లు అన్నిటికీ లెటర్‌ను షరతుతో సహా చదవగలిగే మనిషి కావాలి. బయోటెక్నాలజీ చదివి, ప్రోటోకాల్ అర్థం చేసుకుని, దాని అనుమతిలో లోపం పట్టుకోగలిగేవాళ్లు చాలా తక్కువ. ఇది గుమాస్తా చేయగలిగే పని కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఇక్కడే ఉండి రెండు పనులు చేయమనండి. చెన్నైలోనే ఉన్న ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆరోగ్య పరిశోధన మూలసూత్రాల మీద ఆన్‌లైన్ కోర్సు నడుపుతుంది, అది చేయాలి. క్లినికల్ ట్రయల్స్ ఎలా జరపాలో చెప్పే ప్రమాణాల మీద, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పీహెచ్‌డీ కోరిక తనకు ఇంకా ఉంటే ఈ అనుభవం అడ్డు కాదు. ఎథిక్స్ దరఖాస్తు ఎలా రాయాలో తెలిసి ల్యాబులో చేరే విద్యార్థిని ఏ గైడూ వదులుకోరు. ల్యాబు మీద మనసు పోయిందా, దొరకక ఇటు వచ్చిందా అన్నది మాత్రం మీరే ఒకసారి నెమ్మదిగా అడగండి. నాకు మీ ఉత్తరంలో మీ బాధ కనిపించింది, అమ్మాయి ఇష్టం కనిపించలేదు.

ఒకవేళ మెయిల్ రాశాక కూడా తేదీ వేయాల్సిందేనని ఒత్తిడి ఆగకపోతే, అప్పుడు నా మాట మార్చుకుంటాను. అలాంటి చోట ఒక్క నెల కూడా ఉండొద్దు. మీ అమ్మాయి వయసులో పేరు పోతే మళ్లీ సంపాదించుకోవడం కష్టం.

పది రోజులే ఉంది కాబట్టి సోమవారం పొద్దున ఆఫీసు తెరవగానే ముందు కమిటీ సెక్రటేరియట్‌కు వెళ్లి తర్వాతి మీటింగ్ ఎప్పుడో, అజెండాలో ఆ మూడు ఫైళ్లూ ఉన్నాయో లేదో కనుక్కోమనండి. మెయిల్ ఆ తర్వాత రాస్తే మీటింగ్ తేదీ కూడా అందులో పెట్టొచ్చు.