బాన్‌ఫీ ఏ దేశం రచయిత?

సందేహం: హంగేరీకి విదేశాంగ మంత్రిగా చేసిన రచయిత బాన్‌ఫీ మిక్లోష్ మీద వ్యాసం రాస్తున్నా. ఆయన పుట్టిన ట్రాన్సిల్వేనియా ఇప్పుడు రుమేనియాలో ఉంది. ఆయన్ని ఏ దేశం వాడనాలి? ఆ ప్రాంతాన్ని రుమేనియా ‘ఆక్రమించింది’ అనాలా, ‘కలుపుకుంది’ అనాలా?

సమాధానం: పేరు మీరు రాసినట్టే ఉంచండి, హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. ఊరి విషయానికొస్తే, 1873లో ఆయన పుట్టినప్పుడు అది హంగేరీ రాజ్యంలోని కొలొజ్‌వార్, ఇప్పుడు రుమేనియాలోని క్లుజ్-నపోకా, రెండూ రాసేయండి. వి.వి.గిరి గారు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురంలో పుట్టారని రాస్తాం కదా, అలాగే.

‘హంగేరీ రచయిత’ అంటే దేశం, ‘హంగేరియన్ రచయిత’ అంటే భాష. ఈయన 1921-22లో హంగేరీ మంత్రి, తర్వాత 1926లో సొంతగడ్డకి వెళ్ళిపోయి రుమేనియా పౌరసత్వం తీసుకున్నాడు, పేరు తెచ్చిన మూడు భాగాల నవల 1934-40 మధ్య వచ్చింది, అదీ హంగేరియన్‌లోనే. కాబట్టి నా ఓటు ‘హంగేరియన్ రచయిత, హంగేరీ మాజీ విదేశాంగ మంత్రి’కే.

అసలు చిక్కంతా క్రియాపదాలతోనే. ‘ఆక్రమించింది’ హంగేరీ వాళ్ళ మాట, ‘విముక్తి’ రుమేనియా వాళ్ళ మాట. ‘కలుపుకుంది’ మెత్తగానే వినిపిస్తుంది గానీ ఆ చివర ‘కొను’ ఉందే, అది తనకోసం చేసుకుందని చెప్పేస్తుంది, ఇక ‘కలిపేసుకుంది’ అంటే నేరుగా తిట్టినట్టే. ప్రాంతాన్నే కర్తని చేయండి: 1920 ట్రియనాన్ ఒప్పందంతో ట్రాన్సిల్వేనియా రుమేనియా కిందికి వెళ్ళింది, 1940 వియన్నా తీర్పుతో దాని ఉత్తర భాగం హంగేరీ కిందికి వెళ్ళింది, 1947 పారిస్ ఒప్పందంతో రుమేనియా కిందికి వెళ్ళింది. మూడుసార్లూ అదే క్రియ, చదవడానికి బోర్ కొట్టినా సరే మార్చొద్దు, ఎందుకంటే ఒకచోట ‘వెళ్ళింది’ అని ఇంకోచోట ‘తిరిగి దక్కింది’ అన్నారంటే ఆ ‘తిరిగి’లోనే అది ఎవరి సొత్తో మీరు తేల్చేసినట్టు.

అలాగని కర్తని అన్నిచోట్లా దాచేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాలూ జర్మనీ పక్షం వదిలేయాలని 1943లో బాన్‌ఫీ బుకారెస్ట్ వెళ్ళి రుమేనియా వాళ్ళతో రహస్యంగా చర్చలు జరిపాడు, ఆ మరుసటేడు వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం బోంచిదాలో ఆయన కోటకి నిప్పుపెట్టింది. దాన్ని ‘కోట తగలబడింది’ అని రాస్తే ఎవరి పనో తెలిసీ తప్పించినట్టవుతుంది, ‘జర్మన్లు తగలబెట్టారు’ అనే రాయండి.