మగ్గం వర్క్ కోర్సు: లైవ్ పెట్టాలా, రికార్డు చేసి అమ్మాలా?

ప్రశ్న: బుచ్చిరెడ్డిపాళెంలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ నేర్పిస్తున్నాను. ఆన్‌లైన్ కోర్సు పెట్టాలని ఏడాదిన్నరగా అనుకుంటున్నా. లైవ్ క్లాసులా, రికార్డు వీడియోలా అన్నది తేల్చుకోలేక మొదలుపెట్టడం, ఆపేయడం. ఏది మంచిది?

జవాబు:

లైవా రికార్డా అన్నది ఐదు నిమిషాల్లో తేలే విషయం. కుట్టు చూపించేదంతా రికార్డు చేయండి, తప్పులు దిద్దేది లైవ్‌లో పెట్టండి. మీరు రాసిన దాంట్లో నాకు అసలు ప్రశ్నగా కనపడింది ఆ ఏడాదిన్నర. దాని సంగతికి తర్వాత వస్తా. ముందు కుట్టు ఎందుకు రికార్డు చేయాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోర్లా పడతారు.

కావలిలో ఒక టీచరమ్మ లైవ్ క్లాసు. ఫోను మగ్గం పైన వేలాడదీసింది. అవతల 14 మంది. మొదటి రోజు, గొలుసు కుట్టు. ఆమె చెయ్యి చకచకా పోతా ఉంది, స్క్రీన్ మీద చూస్తే సూది గుచ్చుకోవడం, లేవడం, అంతే. ఒక పిల్ల అడిగింది: "అక్కా, నాకు సూది పైకి రావట్లా, గుడ్డని పట్టుకుంటా ఉంది." "తిప్పమ్మా, రొంత తిప్పు" అంది టీచరమ్మ. ఎటు తిప్పాలి, ఎంత తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి? పావుగంట ఇదే నడిచింది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరూ వీడియో ఆపేసి వంటింట్లోకి పోయారు. సరిగ్గా 40 నిమిషాలకు ఉచిత జూమ్ కాల్ దానంతటదే తెగిపోయింది. మళ్ళీ లింకు పెడితే వచ్చింది ఆరుగురు.

టీచరమ్మకు పని రాక కాదు, ఆమె చేతిలో నిజంగా కళ ఉంది. మగ్గం వర్క్‌లో సగం పని గుడ్డ కిందే జరుగుతుంది, ఫోను ఉన్నదేమో పైన. మగ్గం పనికి వాడే ఆరి సూది కొసన చిన్న కొక్కెం ఉంటుంది. సూది గుచ్చేటప్పుడు ఆ కొక్కెం మనం కుట్టుకుంటూ పోయే దిక్కుకు చూడాలి. కింద ఎడమచెయ్యి దారాన్ని కొక్కేనికి ఒక చుట్టు వేయాలి. అప్పుడు సూదిని సగం చుట్టు తిప్పితే కొక్కెం వెనక్కి తిరుగుతుంది. సూది నున్నటి వీపును రంధ్రం ముందు అంచుకు ఆనించి పైకి తీయాలి. ఆనించకపోతే కొక్కెం గుడ్డ పోగుల్ని పట్టుకుంటుంది, ఆ పిల్లకు జరిగింది అదే. కొత్తవాళ్ళకు కొక్కెం కంటికి ఆనదు కాబట్టి, సూదిపిడికి ఉండే చిన్న స్క్రూను కొక్కెం ఉన్న వైపుకే బిగించి ఇవ్వాలి. స్క్రూ ఎటుంటే కొక్కెం అటు. ఈ ఒక్క మాట మొదటి వీడియోలో చెబితే సగం ఫోన్‌కాల్స్ తగ్గుతాయి.

దీన్ని చూపించడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. తెల్ల ఆర్గంజా గుడ్డ ఒక మీటరు తెచ్చుకోండి. దాని అంచులకు మందపాటి కాటన్ పట్టీ కుట్టి అప్పుడు మగ్గానికి లాగండి, నేరుగా లాగితే దారం కట్టిన చోటల్లా చిరుగుతుంది. మెరూన్ దారంతో కుట్టండి. గుడ్డలోంచి కింది చెయ్యి కనపడుతుంది, పైన ఉన్న ఒక్క ఫోనుకే రెండు చేతులూ దొరుకుతాయి. ఇంట్లో రెండో ఫోను ఉంటే మగ్గం కింద పీట మీద వెల్లకిలా పెట్టి, దానికీ గుడ్డకూ మధ్య జానెడుకు పైగా దూరం ఉండేలా చూసుకోండి. రెండు ఫోన్లూ ఆన్ చేశాక ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో రెంటినీ కలపడానికి ఆ చప్పుడే గుర్తు. నేర్చుకునేవాళ్ళు మాత్రం ఆర్గంజా మీద కుట్టకూడదు. టూ బై టూ జాకెట్టు గుడ్డ, బిగుతుగా లాగి, వేలితో కొడితే డోలులా మోగాలి. గుడ్డ వదులైతే ఎంత తిప్పినా సూది రాదు.

ఫోనులో ఫోకస్ లాక్ చేయడం మర్చిపోవద్దు. స్క్రీన్ మీద కుట్టు దగ్గర వేలు పెట్టి కాసేపు నొక్కితే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా బొమ్మ మసకబారి మళ్ళీ తేరుకుంటూ ఉంటుంది. చూసేవాళ్ళకు తలనొప్పి. ఎల్ఈడీ లైటు కింద తీస్తే బొమ్మలో చారలు పారుతుంటాయి కదా, దానికి కారణం మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు దానికి తగ్గట్టు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోను కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి. లైటు ఎడమ వైపు నుంచి ఏటవాలుగా రావాలి. నెత్తి మీద ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే జరీ అంతా తెల్లటి మచ్చలా కనపడుతుంది.

ఫ్యాను ఆపక తప్పదు. ఆపకపోతే చప్పుడు సరేసరి, దారమూ ఎగురుతుంది. మే నెలలో నెల్లూరులో ఫ్యాను ఆపి కూర్చోమనడం పాపమే. అందుకే పొద్దున 5 నుంచి 7 లోపు తీయండి. మాట తర్వాత కలపండి. బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల వైపు మొహం పెట్టి, ఫోను జానెడు దూరంలో పట్టుకుని చెప్పండి. గుడ్డలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. వేలరూపాయల మైకు దీని తర్వాతే.

ఒక్కో వీడియో 6 నుంచి 8 నిమిషాలు, ఒక్కోదాంట్లో ఒకే కుట్టు, ఆ కుట్టులో ఎక్కువమంది చేసే ఒకే ఒక్క తప్పు. మగ్గం బిగించడం, గొలుసు కుట్టు, మలుపులు, ఫిల్లింగ్, పూసలు, చమ్కీలు, జర్దోసి తీగ కత్తిరించడం, ముడి కుట్టు, ట్రేసింగ్, మెడ డిజైన్ గీత, చేతుల డిజైన్, వెనక దారాలు ముగించడం. 12 చాలు. ట్రేసింగ్ వీడియోలో జింకు పౌడర్, కిరోసిన్ పాళ్ళు కచ్చితంగా చూపించండి. పలచనైతే పట్టు గుడ్డ మీద కిరోసిన్ పాకి మరక దిగుతుంది, అప్పుడు కస్టమర్ చీర కొనిపెట్టమంటుంది.

ఇక లైవ్. వారానికి ఒకటి, గంట లోపు. గూగుల్ మీట్ ఉచితంగా గుంపుకు 60 నిమిషాలు ఇస్తుంది, సరిపోతుంది. లైవ్‌లో కుట్టు నేర్పొద్దు. ముందురోజు రాత్రికల్లా ఒక్కొక్కరినీ రెండు ఫోటోలు పంపమనండి. కుట్టు పైవైపు ఒకటి, తిరగేసి వెనకవైపు ఒకటి. వెనకవైపు ఫోటోలో అంతా తెలిసిపోతుంది. దారం ఉచ్చులుగా వేలాడుతుంటే ఎడమచెయ్యి వదులు, గుడ్డ ముడతలు పడుంటే మరీ బిగువు. ఒక్కో ఫోటోకు 3 నిమిషాలు వేసుకోండి. మనిషికి రెండు ఫోటోలు, 8 మంది అయితే వారానికి 48 నిమిషాలు. అదే 40 మంది అయితే 4 గంటలు. కోర్సుకు ఎంతమందిని చేర్చుకోవాలో చెప్పాల్సింది ఈ లెక్కే. "పరిమిత సీట్లు, త్వరపడండి" అని ఎర్రక్షరాలు పెట్టేవాళ్ళలో ఎంతమంది ఈ లెక్క వేశారో నాకు అనుమానమే.

వీడియోలు ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. మొదటి బ్యాచ్‌కు వాట్సాప్ గ్రూపు చాలు. మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, దారం పోగు కనపడదు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెడితే లింకు ఉన్న ఎవరైనా చూస్తారు. ప్రైవేట్ పెడితే మీరు చేర్చిన జీమెయిల్ వాళ్ళే చూస్తారు. సొంత యాప్ చేసిస్తామని ఫోన్లు చేసేవాళ్ళకు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ సామెత దగ్గరే మీ ఏడాదిన్నర సంగతి ఉంది. మీరు రాయలేదు గానీ, ఇప్పటికే లోగో చేయించి ఉంటారు. రింగ్ లైటు కొని ఉంటారు. మొదటి వీడియో పదకొండుసార్లు తీసి, పదకొండింటినీ తుడిచేసి ఉంటారు. హైదరాబాద్ అమ్మాయి ఎవరో చక్కగా మాట్లాడే వీడియో చూసి, మన 'ఎట్టా', 'అట్టా' ఎవరికి నచ్చుతుందిలే అని ఆగిపోయి ఉంటారు. ఇవన్నీ పనిలాగే కనపడతాయి, రోజంతా ఒళ్ళు అలిసిపోతుంది కూడా. అందుకే వీటిని పట్టుకోవడం కష్టం. నేను ఒకటే చూస్తాను: ఈ వారం చేసిన పనిని నేర్చుకునే మనిషి ఎవరైనా చూశారా? చూడకపోతే అది తప్పించుకోవడమే. లైవా రికార్డా అన్న ప్రశ్న కూడా, ఏమీ అనుకోవద్దు, ఏడాదిన్నర అడిగితే ఆ ఖాతాలోకే వస్తుంది.

యాస గురించి ఒక్క మాట. వింజమూరులో మగ్గం ముందు కూర్చున్న పిల్లకు 'కొంచెం తిప్పండి' కన్నా 'రొంత తిప్పమ్మా' అంటేనే చెయ్యి కదులుతుంది. మొహం చూపించడం ఇబ్బందైతే చూపించొద్దు, ఈ కోర్సులో చేతులే మొహం.

ఇంకో భయం ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. నేర్పిస్తే మన కస్టమర్లను వాళ్ళే పట్టుకుపోతారని. 12 వీడియోలు చూసినవాళ్ళు పెళ్ళికూతురి జాకెట్టు కుట్టలేరు. దానికి ఏళ్ళు పడుతుంది, మీకూ పట్టింది. వీడియోలు దొంగిలిస్తారన్న భయమూ అంతే. దొంగిలిస్తారు. కానీ వెనకవైపు ఫోటో చూసి "నీ ఎడమచెయ్యి వదులుగా ఉంది" అని చెప్పడం దొంగిలించలేరు, ఫీజు దానికే.

ఫీజు దగ్గర కూడా మనల్ని మనమే దెబ్బ తీసుకుంటాం. 1,500 అని చెప్పి, ఎవరో ఒకావిడ "అంతా?" అనగానే 500కి దిగడం. ముందు 1,500 కట్టినావిడకు ఆ సంగతి సాయంత్రానికే తెలుస్తుంది. మన ఊళ్ళలో తెలియకుండా ఉంటుందా? తగ్గించాలనిపిస్తే ధర అట్టే ఉంచి, రెండు వాయిదాల్లో కట్టమనండి. చుట్టాలకు ఉచితంగా ఇచ్చేయడం ఇంకో జబ్బు. డబ్బు కట్టనివాళ్ళు ఫోటోలు పంపరు, పంపకపోతే కోర్సు బాగుందో లేదో మీకూ తెలియదు.

చేయాల్సిన వరస తిరగేయాలి. ముందు తారీఖు, తర్వాత డబ్బు, తర్వాతే వీడియో. 12 వీడియోలూ తీసి అప్పుడు అమ్ముదామనుకుంటే ఈ జన్మకు అమ్మరు. 8 మంది దగ్గర డబ్బు తీసుకుని, చేతిలో రెండు వీడియోలు ఉంచుకుని మొదలుపెట్టండి. వారానికి రెండు చొప్పున తీస్తూ పంపుతూ పోతే 6 వారాల్లో 12 పూర్తి. రెండో టేకే ఆఖరు టేకు, మూడోది తీయొద్దు. మధ్యలో తప్పు కుట్టు పడితే కత్తిరించకండి, ఎట్టా విప్పాలో చూపించండి. అన్నిటికన్నా ఎక్కువమంది వెనక్కి పోయి చూసేది ఆ ముక్కనే. రోజూ రాత్రి 11కి డౌట్లకు జవాబులిస్తూ కూర్చోవద్దు, మూడో వారానికి కోర్సు మీద విరక్తి పుడుతుంది. సాయంత్రం 4 నుంచి 5 అని చెప్పి అక్కడితో ఫోను పక్కన పెట్టేయండి.

తారీఖు ఎప్పుడంటే, మొదలు శ్రావణంలో పెట్టుకోవద్దు. అప్పుడు పెళ్ళి జాకెట్ల ఆర్డర్లే తెమలవు. ఆషాఢం, పుష్యం, ఈ రెండే మనకు తీరిక. ఆషాఢంలో మొదలుపెడితే చివరి వారాలు శ్రావణంలో పడతాయి, ఆ వీడియోలు ముందే తీసి ఉంచుకోండి. "దసరా పోనీ, సంక్రాంతి పోనీ" అనుకుంటూ కూర్చుంటే కాదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర కోరికకో రొట్టె పట్టే రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె ఉంది, పెళ్ళి రొట్టె ఉంది, ఇంటి రొట్టె ఉంది. కోర్సు రొట్టె మాత్రం నాకు ఇంకా కనపడలేదు.

మొదటి ఎనిమిది మందికి పోస్టరు వద్దు. మీ దగ్గర ఇంతకుముందు సగంలో ఆపేసినవాళ్ళు, పెళ్ళయి వేరే ఊరు పోయినవాళ్ళ నంబర్లు మీ ఫోన్లో ఉంటాయి. వాళ్ళకు ఒక్కొక్కరికీ విడిగా ఇట్టా పంపండి: "అమ్మా, ఆషాఢం మొదటి సోమవారం నుంచి 6 వారాలు, మగ్గం వర్క్ మొదటినుంచి ఫోన్లోనే నేర్పిస్తున్నా. వారానికి రెండు వీడియోలు, ఆదివారం గంట లైవ్, నీ కుట్టు ఫోటోలు చూసి నేనే దిద్దుతా. 1,500, రెండుసార్లుగా కట్టొచ్చు. 8 మందే. మగ్గం, సూది నీ దగ్గర ఉన్నాయా?" చివరి ప్రశ్న తీసేయొద్దు. ఊరికే "చేరతావా" అంటే "చూస్తా అక్కా" అంటారు. మగ్గం ఉందా అంటే లేచి అటక మీద వెతుకుతారు.