వెండి రూపాయి రంగు: వయసుతో తేలిందా, మందుతో తేల్చిందా?

ప్రశ్న: మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో పాత చీర మడతల మధ్య నాలుగు జార్జి రూపాయలు దొరికాయి. నల్లబడి, అంచుల్లో గోధుమవన్నె తిరిగి ఉన్నాయి. ఒకదాని మీద 1911 అని ఉంది. ఈమధ్య ఒంగోలులో పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గర 1918 నాటి రూపాయి నెమలిపింఛంలా నీలం, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తూ కనిపించింది. ఆ రంగు సహజంగా వచ్చిందనీ, అందుకే మామూలు ధరకు ఆరు రెట్లు చెబుతున్నాననీ ఆయన అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. సహజమైన రంగును గుర్తించడం ఎలా? మా రూపాయలను చింతపండుతో తోమవచ్చా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: రెండో ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం అచ్చయ్యేలోపే మీ ఇంట్లో ఎవరో ఒకరు చింతపండు నానబెట్టి ఉంటారని నా భయం. తోమవద్దు. చింతపండు పులుసు నలుపును కొంతవరకు తీస్తుంది గానీ, దానికి తోడు మనవాళ్ళు వాడే విభూతి, కొబ్బరిపీచు వెండి మీద వెంట్రుకలంత సన్నని గీతలు పెడతాయి, అవి ఇక పోవు. అందులోనూ మీ దగ్గరున్న 1911 రూపాయిని అసలు ముట్టుకోకండి. చక్రవర్తి దుస్తుల మీది హారంలో చెక్కిన చిన్న ఏనుగు బొమ్మ జనానికి పందిలా కనిపించి గొడవ కావడంతో వెనక్కు తీసుకున్న నాణెం అది. సేకరించేవాళ్ళు దాన్ని ‘పంది రూపాయి’ అంటారు. దాని విలువంతా ఆ సంవత్సరంలో, గోరంత కూడా లేని ఆ బొమ్మ చెక్కుచెదరకుండా ఉండటంలో ఉంది కాబట్టి, దానికి నలుపు ఒక లోపమే కాదు.

ఇక రంగు సంగతి. గాలిలో అతి స్వల్పంగా ఉండే గంధక వాయువులు, ముఖ్యంగా కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిసినప్పుడు దాని మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఒకటి కడుతుంది. ఆ పొరలో నెమలిరంగులేవీ లేవు. మిల్లీమీటరులో పదివేలవ వంతు కన్నా పలుచగా ఉన్నప్పుడు దాని పైతలం నుంచీ అడుగుతలం నుంచీ తిరిగివచ్చే వెలుగులు ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని రంగులు అణగి కొన్ని పైకి తేలడం వల్ల మన కంటికి ఆ వన్నెలు కనిపిస్తాయి. వానాకాలంలో పెట్రోలు బంకు ముందు నీటిగుంటలో తేలే రంగులు కూడా ఇలాంటివే. పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక వరుసలోనే మారతాయి: మొదట నిమ్మపండు పసుపు, తరువాత బంగారువన్నె, ఇటుక ఎరుపు, ఊదా, ముదురు నీలం, లేత నీలం, ఆపైన రెండో విడతగా మళ్ళీ పసుపు, గులాబి, ఆకుపచ్చ, చివరికి మందం మరీ ఎక్కువైతే నలుపు. కాబట్టి ఆకుపచ్చ పక్కన గులాబి గానీ పసుపు గానీ లేకుండా, నీలం మచ్చ తెల్లటి వెండిలోకి ఒక్కసారిగా తెగిపోయి కనిపిస్తే, ఆ పొర తనంతట తాను పెరిగిందని నమ్మడం కష్టం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. గంధకపు మందులో ముంచినా, గంధకం పొడి పక్కన పెట్టి వేడిచేసినా, ఉడికించిన గుడ్డుతో డబ్బాలో పెట్టి మూతవేసినా కట్టేది అదే సిల్వర్ సల్ఫైడ్. అందువల్ల కంసాలి గీటురాయి గానీ, వెండి పాళ్ళు చెప్పే యంత్రం గానీ ఈ విషయంలో ఏమీ తేల్చలేవు. ఆ రంగు ఎంత కాలంలో, ఏ దారిన వచ్చిందనే దానికి అది లోహం మీద పరుచుకున్న తీరే సాక్ష్యం.

మీరు మళ్ళీ ఒంగోలు వెళ్ళినప్పుడు పదింతలు చూపించే భూతద్దం ఒకటి తీసుకెళ్ళి, నాణేన్ని దుకాణంలోని రంగుల దీపాల కింద కాకుండా ఆరుబయట వెలుగులో చూడండి. ముందుగా అక్షరాల మొదళ్ళు చూడాలి. మింటులో అచ్చు పడినప్పుడు లోహం అక్షరాల్లోకి ఎగబాకుతుంది, అందుకే వాటిని ఆనుకుని ఉన్న సన్నని జాగాలో రంగు మెల్లగా, తక్కువగా పడుతుంది. నెమ్మదిగా రంగు తేలిన నాణెంలో ‘వన్ రుపీ’ అన్న అక్షరాల చుట్టూ తెల్లటి నీడలాంటి అంచు కనిపించడం మంచి గుర్తు. మందు వేసినదానిలో చాలాసార్లు రంగు అక్షరం ఎత్తునూ పల్లాన్నీ లెక్కచేయకుండా ఒకే చాపలా పరుచుకుని ఉంటుంది.

తరువాత రాజుగారి చెవి, చెంప, కిరీటం చూడండి. 1918 రూపాయి చేతులు మారిన నాణెం. ముట్టుకున్న ప్రతిచోటా అరిగి, ఎత్తైన భాగాలు బూడిదవన్నెలో తేలి, నలుపు పల్లాల్లో చేరాలి. చెంప అరిగి గెడ్డం వెంట్రుకలు కలిసిపోయిన రూపాయి మీద, ఆ అరిగిన చెంపమీదే నెమలిరంగులు గాఢంగా కూర్చున్నాయంటే, అవి అరిగిన తరువాత వచ్చినవే. అలా వచ్చినంత మాత్రాన మోసమని అనలేము. గంధకం ఉన్న పాత కాగితపు కవరులో ముప్పై ఏళ్ళు పడి ఉన్నా రావచ్చు. కానీ దానికి ఆరు రెట్ల ధర నేనైతే పెట్టను.

మూడోది మెరుపు. నాణేన్ని మెల్లగా తిప్పితే వాడని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. సహజమైన రంగు కింద కూడా ఆ తిరుగుడు కనిపిస్తుంది. మందు రంగు తరచుగా దాన్ని చంపేసి, పైన తేలుతున్నట్టుగా కనిపిస్తుంది. రంగు కింద సన్నని తోముడు గీతలు అన్ని వైపులా కనిపిస్తే, ఎప్పుడో తోమి, ఆ బోడితనాన్ని కప్పడానికి రంగు తేల్చారని అనుమానించవచ్చు.

నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. చాలా ఏళ్ళ కింద ఒక ప్రదర్శనలో ఐదో జార్జి అర్ధరూపాయిని ఊదారంగు చూసి మురిసి కొన్నాను. ఇంటికి వచ్చి తెల్లకాగితం మీద పెట్టి చూస్తే, కింది అంచుకు కొంచెం పైన, చెరువుగట్టు మీద నీటిమట్టం గీతలాగా, ఒక సన్నని నీలిగీత అడ్డంగా ఉంది. నాణేన్ని నిలబెట్టి మందులో ముంచినప్పుడు ఆ ద్రవం ఎంతవరకు వచ్చిందో ఆ గీత చెబుతోంది. అమ్మినాయన అప్పటికే ఊరు వదిలాడు.

అమెరికాలో ఈ వివాదం మనకంటే పాతది, ఖరీదైనది. అక్కడి మోర్గాన్ వెండి డాలర్లు 1878 నుంచి 1904 వరకు, మళ్ళీ 1921లో ముద్రితమయ్యాయి. వాటిలో లక్షల కొద్దీ నాణేలు వెయ్యేసి చొప్పున గుడ్డసంచుల్లో ఖజానాల్లో దశాబ్దాలపాటు పడి ఉండటంతో, సంచి గుడ్డకు తగిలిన వైపు నేత గళ్ళతో సహా రంగు తేలింది. పక్క నాణెం ఆనిన చోట నెలవంకలా తెల్లగా మిగిలింది. అటువంటి చరిత్ర ఉన్న రంగుకు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి దానికి అంకె వేసే అక్కడి గ్రేడింగు సంస్థలు, ఉదాహరణకు 1986లో మొదలైన పీసీజీఎస్, నమ్మకం కుదరని రంగుకు గ్రేడు అంకె ఇవ్వవు. మన రూపాయలు అలా సంచుల్లో కదలకుండా ఉన్న సందర్భాలు అరుదు; అవి సంతల్లో, నడుముకు కట్టుకున్న ముడుల్లో, భూమిలో పాతిన చెంబుల్లో బతికినవి. అందుకే వాటి సహజ రంగు ఎక్కువగా మీ నాయనమ్మ రూపాయలదే: అంచున గోధుమ, మధ్యలో బూడిద, పల్లాల్లో నలుపు.

ప్రశ్న: మా అత్తగారు మెడలో వేసుకున్న వెండి రూపాయల దండను విప్పి, కొక్కేలు తీయించాము. తీసినచోట అంచు దగ్గర నీలం, ఊదా మచ్చ వచ్చింది. అది సహజమైన రంగేనా అండీ? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: కాదమ్మా. కొక్కెం అతికేటప్పుడూ తీసేటప్పుడూ తగిలిన సెగ వల్ల వచ్చిన మచ్చ అది. రూపాయి పైభాగంలో, దండకు వేలాడే చోటనే ఉండటం వల్ల తెలిసినవాళ్ళు వెంటనే పట్టేస్తారు. అంచు గాట్లు కరిగి నున్నబడ్డాయేమో చూడండి. అమ్మేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద. నాణేలను నగ చేసుకోవడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా శిథిలమైన చిన్న గుడి కింద కుండలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లోనూ కొన్ని చిల్లులు పొడిచినవే. మిగిలిన వాటిలో కొన్ని అప్పుడే అచ్చువేసినట్టు మెరిశాయని ఆనాడు చూసినవారు రాశారు. మేలిమి బంగారానికి గంధకం అంటదు.

ప్రశ్న: ప్లాస్టిక్ కవర్ల ఆల్బంలో దాచిన నా నాణేలకు ఆకుపచ్చని జిగురు పట్టింది. ఇది కూడా టోనింగేనా, అంటే సహజంగా తేలిన రంగేనా? ఎలా తీయాలి? (ఒక విద్యార్థి, కందుకూరు)

జవాబు: కాదు బాబూ, అది పీవీసీ ప్లాస్టిక్ నుంచి వచ్చే జిగురు, లోహాన్ని తినేస్తుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో కొద్దిసేపు ఉంచితే కరిగిపోతుంది. వెండి మీది సహజమైన రంగును అది కదిలించదు. అదే అసిటోన్‌లో ఎవరైనా పూసిన వార్నిష్ గానీ సిరా గానీ అయితే ఊడివస్తుంది గనుక, అనుమానం ఉన్న నాణేనికి ఇదొక పరీక్ష కూడా. సెంటు, నూనె కలిపిన గోళ్ళరంగు మందు వాడకు. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా పెట్టుకో. నాణేన్ని రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వు. తరువాత పీవీసీ లేని మైలార్ (ఒక రకం పాలియెస్టర్ ప్లాస్టిక్) కవర్లలో, బీరువా పైఅరలో, సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో తేమను దూరం పెట్టడం మరీ ముఖ్యం. రబ్బరు బ్యాండు మాత్రం ఎప్పుడూ వేయకు. రబ్బరులో కలిపిన గంధకం, బ్యాండు తగిలినంత మేరా నల్లటి చార వేస్తుంది.