పంది వెంట్రుకల బ్రష్‌తో నురగ నిలవాలంటే

మీ ఇబ్బంది ఇదీ: గడ్డం గీసుకోవడానికి కొత్తగా కొన్న పంది వెంట్రుకల బ్రష్‌తో ఎంత తిప్పినా నురగ చిక్కబడడం లేదు, ఒక చెంప గీసేలోపు రెండో చెంప మీద ఎండిపోతోంది. దీన్ని పక్కన పడేసి బ్యాడ్జర్ బ్రష్ (బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసేది) కొనాలా అని అడుగుతున్నారు. ఇప్పుడే కొనకండి. ఉండేది మియాపూర్‌లో, ఇంట్లో వాడేది బోరు నీళ్లు అని కూడా రాశారు కదా, సగం సంగతి అక్కడే ఉంది.

నేనుండేది నిజాంపేటలో. మాకూ బోరు, ట్యాంకరే గతి. మా నాన్నగారి ఇల్లు మలక్‌పేటలో. అక్కడ జలమండలి కుళాయిలో కృష్ణా నీళ్లు వస్తాయి. ఇదే బ్రష్, ఇదే సబ్బు పట్టుకెళ్లి అక్కడ గడ్డం గీసుకుంటే నురగ తన్నుకుని వస్తుంది. ఇక్కడ మొరాయిస్తుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. లోతు బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు వాటితో కలిస్తే నీటిలో కరగని తెట్టు తయారవుతుంది. బకెట్ అంచున గోరుతో గీకితే ఊడి వచ్చే తెల్లటి జిడ్డు అదే. మీరు తీసుకున్న సబ్బులో కొంత ఇలా తెట్టయిపోగా మిగిలిందే నురగ అవుతుంది.

అనుమానం తీరాలంటే ఒక్కసారి వంటింట్లోని ఆర్వో నీళ్లు గానీ, కొనుక్కునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు గానీ వేడిచేసి, బ్రష్ నానబెట్టడం నుంచి చివరిదాకా వాటితోనే కానివ్వండి. తేడా కళ్లకు కనబడితే దోషం నీళ్లదే. టీడీఎస్ మీటరు చూసి తేల్చుకోవద్దు. అది కరిగి ఉన్న లవణాలన్నింటినీ కలిపి చూపిస్తుంది. వాటిలో సబ్బును చెడగొట్టేవి ఎన్నో విడిగా చెప్పదు. రోజూ ఇందుకోసం ఆర్వో నీళ్లు పట్టుకోవడం నాకు బద్ధకం. బోరు నీళ్లే వాడతాను, సబ్బు కాస్త ఎక్కువ తీసుకుంటాను.

మిగతా సగం బ్రష్ స్వభావం. పంది వెంట్రుక నీటిని తనలోకి పీల్చుకుంటుంది. సింథటిక్ పోగు పీల్చదు, కాబట్టి అది వాడేవాళ్లు కుళాయి కింద తడిపి పని కానిచ్చేస్తారు. వాళ్ల వీడియోలు చూసి మీరూ అలాగే చేస్తే, పొడి వెంట్రుక మీ నురగలోని నీటినే లాగేసుకుంటుంది. చెంప మీద ఎండిపోవడానికి ముఖ్య కారణం అదే అనుకుంటున్నాను. స్నానానికి వెళ్లే ముందు మగ్గులో గోరువెచ్చని నీళ్లు పోసి కుచ్చు మాత్రం మునిగేలా నిలబెట్టండి. స్నానం అయ్యేసరికి మెత్తబడుతుంది. పిడి మునగనివ్వకండి, కుచ్చు మొదలు జిగురుతో అతికి ఉంటుంది. మరిగే నీళ్లు అసలే వద్దు.

బయటికి తీశాక రెండు మూడు సార్లు విదిలించండి. నీళ్లు కారడం ఆగాలి, తడి ఉండాలి. అప్పుడు కుచ్చు చివర్లతో సబ్బు మీద తిప్పండి. మొదట పెద్ద బుడగలు వస్తాయి, వాటిని చూసి సంబరపడి ఆపేయకండి. చాలామంది ఆగిపోయేది అక్కడే. బుడగలు అణిగి, సబ్బు మీద చిక్కటి ముద్ద పేరుకుని, వెంట్రుకల కొసలు ఒకదానికొకటి అంటుకునేదాకా తిప్పాలి. మన నీళ్లకు నిండు నిమిషం పడుతుంది. ట్యూబు క్రీమైతే అట్టపెట్టె మీద రాసిన కొలతను పక్కన పెట్టి ఇంకొంచెం పిండుకోండి.

ఇక ముఖం మీదో గిన్నెలోనో తిప్పుతూ, వేళ్లు నీళ్లలో ముంచి నాలుగు చుక్కలు కుచ్చు మీద రాల్చండి. మళ్లీ తిప్పండి, మళ్లీ చుక్కలు. ఒకేసారి ధారగా పోయకండి. మన నీళ్లు ఎంత పోస్తే అంత కాల్షియం కూడా పోసినట్టే. నురగ మెరుపు లేకుండా పొడిపొడిగా నిలబడితే నీళ్లు తక్కువ. కంటికి కనబడేంత బుడగలతో గడ్డం మీద నుంచి జారిపోతుంటే సబ్బు తక్కువ. చిలికిన గడ్డపెరుగులా నిగనిగలాడుతూ, బ్రష్ పైకి లాగితే లేచిన కొస మెల్లగా వంగితే సరిపోయినట్టు. నేను కంటికంటే వేళ్లనే ఎక్కువ నమ్ముతాను: కొంచెం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే జారిపోవాలి. పట్టి పట్టి ఆగుతుంటే ఇంకో నాలుగు చుక్కలు. టీవీ ప్రకటనల్లో బుగ్గ మీద కనిపించే గుట్టంత నురగ మనకెందుకు? బ్లేడు జారితే చాలు.

కొత్త బ్రష్ గుచ్చుకుంటుంది, జంతువు వాసన కూడా వస్తుంది. వాసనకు షాంపూతో కడిగి, నురగ పట్టించి రాత్రంతా అలాగే వదిలేయండి. రెండు మూడు సార్లు చేస్తే తగ్గిపోతుంది. గుచ్చుకోవడం తగ్గడానికి మాత్రం వాడకమే మందు. తడవడం, ఆరడం జరిగేకొద్దీ వెంట్రుకల కొసలు చీలి, పీచు విచ్చుకుని మెత్తబడతాయి. కొన్ని వారాలు పడుతుంది. రెండో వారంలో ఎవరైనా ఈ బ్రష్ బాగాలేదంటే నేను లెక్కచేయను. పని అయ్యాక కడిగి, పిండి (మెలితిప్పకుండా), గాలి తగిలేచోట పెట్టండి. మూత వేసిన డబ్బాలో పెడితే వానాకాలంలో బూజు పడుతుంది.

బ్యాడ్జర్ విషయానికొస్తే, అది మెత్తన, ఖరీదూ ఎక్కువ, కానీ బోరు నీళ్లకు అదీ లొంగాల్సిందే. గట్టి సబ్బు బిళ్లను తొలిచి తీయడానికి బిరుసైన పంది వెంట్రుకే నాకు నచ్చుతుంది. ఇటలీలో ఒమేగా, పోర్చుగల్‌లో సెమోగ్ తయారుచేసేవి మంచి బ్రష్‌లే, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇంట్లో మత కారణాల వల్లో మరెందుకో పంది వెంట్రుక వద్దంటే సింథటిక్ తీసుకోండి. నానబెట్టే పని తప్పుతుంది, సబ్బు మోతాదు మాత్రం తగ్గించవద్దు.