తెలుగులో హార్డ్ రాక్ రాస్తే డ్యూయెట్ లెక్క ఎందుకు అయితది?

ప్రశ్న: నల్లగొండలో నలుగురం కలిసి బ్యాండ్ పెట్టినం. కోరిక, వెంటపడే ఊపు మీద తెలుగులో హార్డ్ రాక్ పాట రాస్తే సినిమా డ్యూయెట్ లెక్క వినిపిస్తోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పు ట్యూన్‌లో కన్నా మాటల్లోనే ఎక్కువ ఉంటుంది. డ్యూయెట్ అమ్మాయి అందాన్ని పొగుడుతుంది. హార్డ్ రాక్ ఆమె దిక్కు పోయే వేగాన్ని చెప్తుంది. అందుకే ఆ పాటల నిండా ఇంజన్లు, రోడ్లు. ఇది బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాటలు) నుంచి వచ్చిన అలవాటే; 1936లో రికార్డు చేసిన ‘టెర్రాప్లేన్ బ్లూస్’లో (టెర్రాప్లేన్ ఒక కారు పేరు) బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ కారు రిపేరు మాటలతోనే ఆడమనిషి మీది అనుమానమంతా పాడిండు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ ‘హైవే స్టార్’ (1972)లో మొదటి చరణంలో కారు గురించి ఏం పాడతారో, రెండో చరణంలో అమ్మాయి గురించీ దాదాపు అదే పాడతారు.

కాబట్టి వెన్నెల, పువ్వు, గుండె లాంటి మాటలు కొట్టేయండి. మీకు 65వ నంబర్ హైవే ఉంది. చిట్యాల దగ్గర దూరంగా ఆమె బండి ఎర్ర టెయిల్ లైట్ ఒక్కటే కనిపించాలి, నకిరేకల్ కాడ నంబర్ ప్లేట్. సూర్యాపేటలో కూడా అందనీయకండి. అందితే పాట అయిపోయినట్టే.

ఇక అక్షరాల లెక్క. 130 టెంపోలో (నిమిషానికి 130 బీట్లు) ఒక బార్, అంటే నాలుగు బీట్లు, 1.85 సెకన్లు, అందులో ఎనిమిది అరబీట్లు. ఎనిమిదీ నింపితే గాయకుడికి ఊపిరి ఆడదు, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వినబడదు. ఐదారు చాలు. ‘వెంబడిస్తున్నాను’ ఆరు అక్షరాలు తింటుంది. పైగా ‘స్తు’ గురువై బీటు తప్పిన చోట పడి లాగుతుంది. మన ‘ఎంబడొస్త’ నాలుగే: గురువు, లఘువు, గురువు, లఘువు. రెండో గురువు సరిగ్గా రెండో బీటులో కొట్టే స్నేర్ డ్రమ్ము మీద పడుతుంది. పాలమూరు, నల్లగొండ యాస ఈ సంగీతానికి పుస్తకభాష కన్నా బాగా సరిపోతుంది, సిగ్గుపడకండి.

ఒక జాగ్రత్త. ఆమె వద్దంటున్నా వెంటపడితే అది వేధింపే, వినేవాళ్లకు కంపరం పుడుతుంది. బ్రిడ్జిలో (పాట మధ్యలో మారే భాగం) రెండు లైన్లు ఆమెకే ఇవ్వండి: అద్దంలో చూసి గేరు మార్చిందనో, కావాలనే స్లో చేసిందనో. అప్పుడు ఆట ఇద్దరిదీ అవుతుంది.

ఈ అందని ఊపు ట్యూన్‌లోనూ ఉండాలి. పాట E మైనర్‌లో ఉంటే కోరస్ ముందు నాలుగు బార్లు B పవర్ కార్డ్ (రెండే స్వరాల గిటార్ కార్డ్) మీదే ఆపండి; అది E దిక్కు లాగుతుంది. చివర కూడా E కార్డ్‌కు రాకుండా ఆ B మీదే టక్కున కట్ చేయండి.